వాసన రాని మాటలు

మా వీధిలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నా ప్రాణానికొస్తుంది. నేను డాక్టర్ని కాను, నర్సుని కాను. నరసరావుపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. అయినా ఆస్పత్రికి పోవాలంటే వెంట నేనుండాలి. "నీరజమ్మా, ఆ డాక్టరు ఇంగ్లీషులో ఏందేందో అంటాడు, మాకేం తెలుసుద్ది, నువ్వు రా తల్లీ" అంటారు. ఆ డాక్టరుది గుంటూరు. పలకరించేటప్పుడు, టిఫిన్ తిన్నారా అని అడిగేటప్పుడు నాకన్నా మంచి తెలుగు మాట్లాడతాడు. రోగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క దూకు దూకి ఇంగ్లీషులో పడతాడు. అక్కడి నుంచి అతన్ని బయటికి లాగటం నా పని. దీనికి జీతం లేదు, సెలవు లేదు, విసుక్కుంటే పొగరంటారు.

ఆ సోమవారం కూడా అంతే. పొద్దున ఫస్టియర్ పిల్లలకి మాటల పాఠం చెబుతున్నాను. పాడైపోవటాన్ని ఇంగ్లీషువాళ్ళు ఎన్ని రకాలుగా చెబుతారో చెప్పే పాఠం అది. పాలు పాడైతే సోర్. నెయ్యి కమరు వాసనొస్తే రాన్సిడ్. రొట్టె పాతబడితే స్టేల్, బూజు పడితే మోల్డీ. గుడ్డు రాటన్, పన్నుకి డికే, శవానికి డీకంపోజ్. "మనకి మాత్రం తక్కువేంటి?" అని అడిగాను పిల్లల్ని. అన్నం పాచిపోతుంది, గుడ్డు మురిగిపోతుంది, కందిపప్పు పుచ్చిపోతుంది, బియ్యం ముక్కిపోతాయి, గుడ్డ చీకిపోతుంది. ఒక్కోటి చెబుతుంటే పిల్లలు ముక్కు ముడుచుకున్నారు. అదే రాటన్ అని బోర్డు మీద రాయగానే వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. "బ్రెయిన్ రాట్ మేడమ్!" అని వెనక బెంచీలో నుంచి కేక.

రోజంతా ఫోన్లో రీల్సు చూస్తే వచ్చేదానికి ఆ పేరట. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నారు. నాకు బ్రెయిన్ రాటంటే నాకు బ్రెయిన్ రాటని వేలం పాట మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ముందు వరసలో గౌసియా అనే పిల్ల కూడా నవ్వుతుంటే, "ఏమ్మా, నీ మెదడు కుళ్ళిపోయిందా?" అని తెలుగులో అడిగాను. ఆ పిల్ల నవ్వు టక్కున ఆగిపోయింది. "ఛీ, అట్టా అంటారేంది మేడమ్! మా అమ్మ వింటే నన్ను గాదు, మిమ్మల్ని తన్నుద్ది" అంది. క్లాసంతా గొల్లుమంది. నిజంగానే ఇంగ్లీషు మాటకి వాసన రాదు. అందుకే దాన్ని ఎక్కడ పడితే అక్కడ విసురుకోవచ్చు.

గంట కొట్టకముందే నాగేంద్రబాబు ఫోన్ చేశాడు. వాళ్ళది మా వెనక వీధి. వాళ్ళ నాన్న బాలకోటయ్య ముప్పై ఏళ్ళుగా నాపరాళ్ళ డిపోలో పనిచేస్తున్నాడు. మాచర్ల నుంచి, దుర్గి నుంచి లారీల్లో వచ్చే పలకలని దించి, నిలబెట్టి, కొన్నవాళ్ళ ట్రాక్టర్లకి ఎత్తటం ఆయన పని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. మా ఇంట్లో పరిచిన నాపరాళ్ళు ఆయన మోసినవే. ఆయన భార్య చెన్నమ్మని పిన్ని అంటాను. చుట్టరికం ఏమీ లేదు, వీధి కలిపిన వరస.

బాబాయ్‌కి షుగరుంది. ఒక పలక అంచు జారి కాలి బొటనవేలి మీద పడింది. షుగరోళ్ళకి పాదంలో స్పర్శ పోతుంది కదా, ఆయనకి నొప్పే తెలియలేదు. నొప్పి లేదు కాబట్టి దెబ్బ లేదనుకున్నాడు. పసుపు పూసి గుడ్డ చుట్టుకుని పనికి పోయాడు. నేను ఆస్పత్రికి వెళ్ళేటప్పటికి ఆ వేలు నల్లగా, నేరేడు పండు రంగులో ఉంది.

డాక్టరు నన్నూ నాగేంద్రబాబునీ పక్కకి పిలిచి చెప్పాడు. "గ్యాంగ్రీన్ మేడమ్. టిష్యూ నెక్రోసిస్. టో యాంప్యుటేట్ చేసేస్తే ఫుట్ సేవ్ అవుతుంది. డిలే చేస్తే నా చేతుల్లో ఉండదు." అతను తప్పేమీ చెప్పలేదు, దాచలేదు కూడా. ఒక్కో మాటా తెల్ల దుప్పటి కప్పుకుని బయటికొచ్చింది, అంతే.

నాగేంద్రబాబుకి నేను తెలుగు చేసి చెప్పాను. వేలు కుళ్ళిందనీ, తీసెయ్యకపోతే పాదానికి ఎక్కుతుందనీ. ఆ కుర్రాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతా, ఆ మాట మాత్రం నాన్న దగ్గర అనమాకు. మేం చెప్పుకుంటాం." ఈలోపు చెన్నమ్మ పిన్ని వచ్చి, కొడుకు మొహం చూసి, ఏందంట అని అడిగింది. వాడు "ఇన్ఫెక్షనంటమ్మా" అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. వాళ్ళింట్లో దీపం ఆరదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. చీకటి పడితే పాము అనరు, పురుగంటారు. మా ఇంట్లో కూడా అంతే, మా అమ్మ ఉన్నన్నాళ్ళూ. పిన్ని అయితే మరీను. రోగమున్న మనిషి ముందు కుళ్ళు అన్నామంటే శాపం పెట్టినట్టే ఆమెకి. వీధి కుళాయి దగ్గర పోట్లాటల్లో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునే మాట అది. మొగుడి మంచం పక్కన నిలబడి ఆ మాట ఎట్లా అంటుంది?

"దాచితే కష్టం రా" అన్నాను నేను. "చూసుకుంటాంలే అక్కా" అన్నాడు. నాకు మధ్యాహ్నం మళ్ళీ క్లాసుంది. వాళ్ళ మనిషి, వాళ్ళ ఇష్టం, మధ్యలో నాకేంటి అనుకుని ఆటో ఎక్కాను.

వాళ్ళు చెప్పుకున్నది ఏంటంటే, ఇన్ఫెక్షను, చిన్న క్లీనింగు, అందులో భాగంగా వేలు తీసేస్తారని. బాబాయ్ అంతా విని, "నేనొప్పుకోను" అన్నాడట. ఆయన లెక్క ఆయనది. మొన్న మనవరాలికి ముక్కు కారితే ఇన్ఫెక్షనే అన్నారు. కోడలికి జ్వరమొస్తే ఇన్ఫెక్షనే. ఎదురింటి వాళ్ళ కుక్క చెవి గోక్కుంటుంటే దానికీ అదే అన్నారు. "మనవరాలి ముక్కు కోశారా? మన కోడలి తల కోశారా? కుక్క చెవి కూడా ఉన్నకాడే ఉంది గదా. బిళ్ళలేసుకుంటే తగ్గేదానికి నా వేలెందుకు?" అని కూర్చున్నాడు. డాక్టరు వచ్చి మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాడు. నాగేంద్రబాబు పక్కన నిలబడి మళ్ళీ ఇన్ఫెక్షనన్నాడు. సెలైన్లు ఎక్కుతున్నాయి, రోజులు నడుస్తున్నాయి. రోజూ సాయంత్రం పిన్ని నాకు ఫోన్ చేసి, తగ్గుతుందిలే అమ్మా అని తనే చెప్పి, తనే పెట్టేసేది.

శుక్రవారం నాగేంద్రబాబు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి మాట సరిగ్గా రావటం లేదు. "అక్కా, నాన్న ఇంటికి పోతానంటున్నాడు. అచ్చంపేట దగ్గర ఎవరో ఆకుపసరు కడతారంట, ఆటో పిలవమంటున్నాడు. నువ్వు చెప్తే వింటాడు, ఒకసారి రా."

ప్రిన్సిపాల్‌ని పర్మిషన్ అడిగితే, మీకు రోజూ ఎవరో ఒకరు మేడమ్, అన్నాడు. నిజమే కదా అనుకుని వచ్చేశాను.

వరండాలోనే డాక్టరు ఎదురొచ్చాడు. అతని మొహంలో కూడా విసుగుంది. "స్ప్రెడ్ అయింది మేడమ్. ఇప్పుడు టోతో అవ్వదు. బిలో నీ యాంప్యుటేషన్. ఇవాళ చెయ్యకపోతే సెప్సిస్."

"అంటే చచ్చిపోతాడా?" అన్నాను.

అతను అటూ ఇటూ చూశాడు. "ప్రోగ్నోసిస్ పూర్" అన్నాడు.

"తెలుగులో చెప్పండి సార్, చచ్చిపోతాడా?"

"ఆ" అన్నాడు. ఇంతకన్నా ఏం చెప్పాలన్నట్టు వెళ్ళిపోయాడు.

గదిలోకి అడుగు పెడితే కర్పూరం వాసన గుప్పున కొట్టింది. పిన్ని దిండు కింద కర్పూరం బిళ్ళలు పెట్టింది, మంచం చుట్టూ పౌడరు చల్లింది. అయినా దాని కింద నుంచి ఆ రెండో వాసన వస్తూనే ఉంది. బాబాయ్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు లోతుకి పోయాయి, పెదాలు ఎండిపోయాయి, ఒంట్లో జ్వరం తెలుస్తూనే ఉంది. నన్ను చూసి నవ్వాడు.

"రా అమ్మాయ్. మీ పిన్ని చూడు ఏం జేసిందో. ఆస్పత్రిలో పడుకున్నట్టు లేదు, గుళ్ళో పడుకున్నట్టుంది."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. నాగేంద్రబాబు తలుపు దగ్గర నిలబడ్డాడు. పిన్ని నా వెనక.

"ఇంటికి పోతావంటగా బాబాయ్?"

"పోక? ఇన్ని దినాల నుంచి ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ అంటన్నారు. పేరు మారదు, తగ్గదు. అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. నిజం జెప్పు. ఈ ఇన్ఫెక్షననేది ఇంకెన్ని బిళ్ళలేసుకుంటే తగ్గుద్ది?"

నా వెనక నుంచి పిన్ని వేళ్ళు నా భుజం మీద పడ్డాయి, నొక్కుతున్నాయి. తలుపు దగ్గర వాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. నాకు చానా ఇంగ్లీషు వచ్చు. ఆ క్షణాన ఎన్ని మాటలు కావాలంటే అన్ని ఉన్నాయి నా దగ్గర. డ్యామేజ్ అనొచ్చు, డెడ్ టిష్యూ అనొచ్చు, గ్యాంగ్రీన్ అని చెప్పి ఆయన ఎట్లా అర్థం చేసుకుంటే అట్లా వదిలెయ్యొచ్చు. అన్నీ కర్పూరం బిళ్ళల్లాంటివే. ఎదురుగా ఉన్నది నాకు మా బాబాయ్. ఇంకో పూట పోతే ఉండడు.

"తగ్గదు బాబాయ్. నీ కాలు కుళ్ళింది."

నేను ఆపలేదు, ఆపితే మళ్ళీ చెప్పలేనని భయం. "ముందు వేలు కుళ్ళింది. ఇప్పుడు పాదం కుళ్ళింది. నీకు నొప్పి తెలియట్లేదు గానీ లోపల లోపల పైకి పోతుంది. బిళ్ళలకి తగ్గదు, ఆకుపసరుకి తగ్గదు. తియ్యకపోతే నువ్వు చచ్చిపోతావు."

"నీ నోరు పడిపోను!" అని అరిచింది పిన్ని. నా భుజం మీద చెయ్యి తీసి నా వీపు మీద ఒకటి వేసింది. "పచ్చగుండే మనిషిని పట్టుకుని ఎంత మాటన్నావే! నీకేం అన్యాయం జేశామే మేం! తథాస్తు దేవతలుంటారే, వింటారే!" నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది. నాగేంద్రబాబు తల్లిని పట్టుకుని, నావైపు చూసి, "మెల్లగా చెప్పొచ్చుగా అక్కా" అన్నాడు. ఇంతమంది ఇన్ని రోజులు మెల్లగానే కదరా చెప్పింది అని నోటి దాకా వచ్చింది, మింగేశాను.

బాబాయ్ నా మొహంలోకే చూస్తున్నాడు. "ఎందాకా తీస్తారు? వేలేనా?"

ఆ మాట కూడా నేనే చెప్పాలి. నా మోకాలి కింద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను.

ఆయన నా చేతిని చూశాడు. తర్వాత దుప్పటి తొలగించి, తన కాలి మీద అదే చోట తన చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు.

"మొదట్లోనే ఒప్పుకునుంటే?"

"వేలితో పోయేది బాబాయ్."

తిడతాడనుకున్నాను. నన్నో, కొడుకునో, డాక్టర్నో. ఆయన తిట్టలేదు. కొడుకుని దగ్గరికి రమ్మన్నాడు. "ఒరేయ్ బాబూ. డిపోలో పలకకి బీట పడితే ఏం జేస్తామో తెలుసా? చూసినోడు చూసినట్టు గట్టిగా అరుస్తాడు. కింద ఉన్నోడు భయపడతాడని ఊరుకోడురా. ఊరుకుంటే వాడు చస్తాడు." కొంచెం ఆయాసపడ్డాడు. "నాకెందుకు చెప్పలేదురా?"

వాడు మంచం అంచు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. "నువ్వు భయపడతావని నాన్నా."

"నీ భయానికి నా పేరు పెట్టావా" అన్నాడు ఆయన. కోపంగా కాదు, చానా అలిసిపోయినట్టు. పిన్ని ఇంకా నన్ను తిడుతూనే ఉంది. ఆమె వైపు తిరిగి, "ఏమే, ఊరుకో. ఇన్ని దినాల్లో నా కాలు సంగతి నాతో మాట్లాడింది ఈ పిల్ల ఒక్కతే" అన్నాడు. తర్వాత నాతో, "పో అమ్మాయ్, ఆ డాక్టర్ని పిలువు. ఏ కాయితం మీద వేలిముద్ర వెయ్యాలో వేస్తా" అన్నాడు.

సాయంత్రానికి తీసేశారు. ప్రాణానికి ఫర్వాలేదని డాక్టరు వచ్చి చెప్పాడు, ఈసారి తెలుగులోనే. నాగేంద్రబాబు గోడకి చేరబడి మొహం కప్పుకున్నాడు. పిన్ని బెంచీకి ఆ చివర కూర్చుంది, నేను ఈ చివర. ఆమె నావైపు చూడలేదు. వీధిలో ఇక నా గురించి ఏమంటారో నాకు తెలుసు. నీరజమ్మ నోటిమాట తగిలి బాలకోటయ్య కాలు పోయిందంటారు. అననీ. నాకు ఇంటికి పోయి పడుకోవాలని తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు మరియమ్మ అనే నర్సు వచ్చింది. పెద్దామె, మంచిది. చేతులు తుడుచుకుంటూ, "బాలకోటయ్య మనుషులెవరమ్మా? ఆ పార్టు మీరు తీసుకుపోతారా, బయో వేస్టులో వేసెయ్యమంటారా?" అని అడిగింది. ఆమె రోజూ అడిగే మాటే, ఏ తేడా లేకుండా అడిగింది.

నాగేంద్రబాబు ముందుకొచ్చాడు. "మాకెందుకమ్మా, మీరే వేసెయ్యండి."

పిన్నికి అర్థం కాలేదు. ఆ గొడవ తర్వాత మొదటిసారి నావైపు తిరిగింది. "ఏందంట?"

చెప్పాలా వద్దా అని నేను కొడుకు వైపు చూశాను. అప్పుడే మళ్ళీ దాచటం మొదలా అని నా మీద నాకే విసుగొచ్చింది. "బాబాయ్ కాలు పిన్నీ. మనం తీసుకుపోతామా, వాళ్ళనే చెత్తలో వేసి కాల్చెయ్యమంటామా అని అడుగుతున్నారు."

"చెత్తలోనా?" ఆమె లేచి నిలబడింది. నర్సు వేస్టు అన్నప్పుడు ఏమీ కాని మొహం, ఇప్పుడు ఎర్రబడిపోయింది. "చెత్తేందే? అది ఆయన కాలు. ముప్పై ఏళ్ళు ఆ కాలు మీద నిలబడి రాళ్ళు మోసి మమ్మల్ని సాకాడు. చెత్తంటారా దాన్ని?"

"అమ్మా, ఏం జేసుకుంటామే దాన్ని" అన్నాడు కొడుకు.

"పూడుస్తాం. మనోళ్ళల్లో కాలుస్తారంట్రా ఎవరినన్నా? బెల్లంకొండ పోదాం. మీ తాతనీ నాయనమ్మనీ పెట్టిన చోట పెడదాం. చెత్తబుట్టలో ఎందుకు పడాలిరా? కుళ్ళితే మన మట్టిలో కుళ్ళనీ."

ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడింది. చెయ్యి నోటి దాకా పోయింది. నేనూ, వాడూ చూస్తున్నాం. చెయ్యి నోటిని మూయకుండానే కిందికి దిగింది.

నాగేంద్రబాబు కాగితం మీద సంతకం పెట్టి, ఆటో కోసం పోయాడు. మరియమ్మ తెల్ల గుడ్డలో చుట్టి, ఆ పైన ప్లాస్టిక్ కవరు చుట్టి తెచ్చిచ్చింది. బరువుంటుందమ్మా, జాగ్రత్త అంది. పిన్ని కొంగు పరిచి అందుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెకి ఆనించుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"రావే" అంది నాతో. "నేనొక్కదాన్నే మొయ్యలేను."